బరువు మేకు మీద కాదు, చెక్క మీద నిలవాలి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చెక్కపని యూనిట్ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



మా యూనిట్‌లో అయిదుగురం. పీటలు, మంచాలు, దేవుడి మందిరాలు చేస్తాం. ఈమధ్య ఎక్కువగా చేస్తున్నది చేపల తొట్టి కింద పెట్టే చెక్క స్టాండ్లు, అంటే తలుపులున్న బీరువాలాంటి స్టాండ్లు. "ఆడవాళ్లు చేసిన స్టాండు అంత బరువు ఆపుతుందా?" అని మమ్మల్ని అడగనివాళ్లు లేరు. మన సంఘాల్లోనే కొందరు అక్కలు కూడా అడిగారు. అందుకని ఆ బరువు ఎలా ఆగుతుందో ఈ రోజు విప్పి చెబుతాం. వింటే మీరూ ఒక స్టాండు మంచిదో కాదో చూసి చెప్పగలరు.

ముందు బరువు సంగతి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి అనుకోండి. అది 12 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగులో 28 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. నిండా పోస్తే 340 లీటర్ల దాకా అవుతుంది. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి నీళ్లే 340 కిలోలు. 12 ఎం.ఎం. గాజు తొట్టి 70, 80 కిలోలు ఉంటుంది. ఇసుక, రాళ్లు ఇంకో 30 కిలోలు. అన్నీ కలిపితే 450 కిలోలు. అంటే తొమ్మిది సిమెంటు బస్తాలు. అవి ఒకరోజు పెట్టి తీసేసేవి కావు, రాత్రీ పగలూ ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. దాని ముందు పిల్లలు కూర్చుని చేపలు చూస్తుంటారు. స్టాండు విరిగితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. మేం ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి మా మనసులో ఉన్నది ఈ మాటే.

ఇక బరువు ఎలా దిగుతుందో చూద్దాం. మనందరం నెత్తిన బిందె పెట్టుకుని నడిచినవాళ్లమే. మెడ, నడుము నిటారుగా ఉంటే నిండు బిందె కూడా తేలిగ్గా వస్తుంది. అదే బిందెను చెయ్యి చాపి పక్కకు పట్టుకోమంటే నాలుగడుగులు కూడా వెయ్యలేం. స్టాండు కూడా అంతే. గాజు మీద నీళ్లు, గాజు కింద పలక, పలక కింద చట్రం, చట్రం కింద కాలు, కాలు కింద మళ్లీ చట్రం, దాని కింద నేల. బరువు ఒకదాని నెత్తి మీద నుంచి ఇంకోదాని నెత్తి మీదకు తిన్నగా దిగాలి. చాలా స్టాండ్లలో పై బద్దను కాలి పక్కన ఆనించి మేకులు, స్క్రూలు కొడతారు. అప్పుడు తొమ్మిది బస్తాలూ ఆ స్క్రూల మీద వేలాడతాయి. మేం పై చట్రాన్ని కాళ్ల నెత్తి మీద కూర్చోబెడతాం. మా దగ్గర ఒక లెక్క ఉంది: స్క్రూలన్నీ తీసేసినా తొట్టి కింద పడకూడదు. స్క్రూ ఉన్నది చెక్కను కదలకుండా పట్టుకోవడానికే, మోయడానికి కాదు.

కొలతలు చెబుతాం, రాసుకునేవాళ్లు రాసుకోండి. స్టాండు ఎత్తు రెండున్నర అడుగులు. కాళ్లు ఆరు, ముందు మూడు, వెనక మూడు. ఒక్కో కాలు మూడంగుళాల చదరం, 24 అంగుళాల పొడవు. కాళ్ల పైన ఒక చట్రం, కింద ఒక చట్రం. చట్రం బద్దలు మూడంగుళాల ఎత్తు, రెండంగుళాల మందం. బద్దను పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. పిల్లల చెక్క స్కేలు పడుకోబెట్టి నొక్కండి, వంగుతుంది. అంచు మీద నిలబెట్టి నొక్కండి, వంగదు. చట్రం మూలల్లో రెండు బద్దలనూ సగం సగం కోసి ఒకదాంట్లో ఒకటి కూర్చి జిగురు పెడతాం. మధ్య కాళ్లు ఉండటం వల్ల ఆసరా లేని దూరం ఎక్కడా రెండడుగులు దాటదు. ముందు మధ్యకాలు అడ్డమని తీసేయమనేవాళ్లు ఉంటారు. తీయకూడదు. రెండు తలుపులూ దాని మీదికే మూసుకునేలా పెడితే కాలు బయటికి కనిపించదు.

రెండో సంగతి ఊగడం. కింది బరువుకు ఆగిన స్టాండు పక్క తోపుకు ఒరిగిపోవచ్చు. కాళ్లు వదులైన పాత మంచం మీద కూర్చుంటే ఎలా ఒకవైపుకు వాలుతుందో మీకు తెలుసు. పెద్దలు పలకల తలుపు వెనక ఏటవాలుగా ఒక బద్ద కొట్టింది తలుపు అలా ఒరిగిపోకుండానే. మేం స్టాండు వెనక, రెండు పక్కలా ప్లైవుడ్ పలకను నిండుగా వేసి, అంచు పొడవునా ఆరేసి అంగుళాలకు ఒక స్క్రూ బిగిస్తాం. ఆ పలకే ఏటవాలు బద్ద పని చేస్తుంది. పైపులకు, వైర్లకు వెనక ఒక మూల చిన్న రంధ్రాలు చాలు. గాలి ఆడాలని వెనక పలకంతా తీసేస్తే స్టాండు బలం సగం తీసేసినట్టే.

ఇప్పుడు కర్ర. ఏ పనికి ఆ కర్ర. కొండపల్లి బొమ్మకు తేలికైన పొణికి కావాలి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు కావాలి. తొమ్మిది బస్తాలు మోయడానికి ఆ రెండూ పనికిరావు. మేం టేకు వాడతాం, కొనేవాళ్ల చేతిలో అంత లేకపోతే ముదిరిన వేప వాడతాం. అడితికి వెళ్లినప్పుడు నాలుగు చూస్తాం. చేవ ఉందా, బెరడు పక్క తెల్లభాగమా? ముడి కాలి మధ్యలో పడుతోందా? చివర పగుళ్లు ఉన్నాయా? కర్ర ఆరిందా? పచ్చికర్రతో చేస్తే ఆరేకొద్దీ కుంచించుకుపోయి అతుకులు వదులవుతాయి. బిల్లు లేకుండా కర్ర తీసుకోం. చవకని బిల్లులేని టేకు కొంటే రేపు అడవి శాఖవాళ్లు అడిగినప్పుడు సంఘం పేరు పోతుంది.

ప్లైవుడ్ మీద ముద్ర చూడాలి. నీటికి బాగా తట్టుకునే రకానికి ఐ.ఎస్. 710 అని ఉంటుంది. తొట్టి కింది పలకకు మేం అదే వాడతాం, 18 ఎం.ఎం. మందం. రంపపుపొట్టును నొక్కి చేసే పార్టికల్ బోర్డు మాత్రం ఈ పనికి వద్దు. చేపల తొట్టి దగ్గర రోజూ ఏదో ఒక చుక్క కారుతూనే ఉంటుంది. నీళ్లు మారుస్తాం, చెయ్యి పెడతాం, పైపు కారుతుంది. తడి తగిలితే ఆ బోర్డు అప్పడంలా ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ దగ్గరకు రాదు, స్క్రూ పట్టు వదిలేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పట్నంలో చేపల తొట్లు అమ్మే ఒక దుకాణం నుంచి మాకు పెద్ద ఆర్డరు వచ్చింది. ధర దగ్గర ఆగింది. ఆయన అన్నది ఒకటే: "అమ్మా, లోపల పార్టికల్ బోర్డు వేయండి, మధ్యకాళ్లు తీసేయండి, పైన సన్‌మైకా అంటించండి. లోపల ఏముందో ఎవరు చూస్తారు? నా దగ్గర ఏడాది నిలిస్తే చాలు." ఆ నెల బ్యాంకు వాయిదా దగ్గర పడింది. మాలో ఇద్దరికి పిల్లల ఫీజులు కట్టాల్సి ఉంది. ఆ రాత్రి సంఘం సమావేశంలో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒప్పుకుందాం అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లది తప్పని ఎవరూ అనలేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. చివరికి మాలో ఒక పెద్దామె అడిగింది: "ఆ స్టాండు మన ఇంట్లో పెట్టి, మన మనవరాలిని దాని ముందు కూర్చోబెడతామా?" ఎవరూ పెడతామనలేదు. వద్దని తీర్మానం రాసుకున్నాం, అయిదుగురం సంతకాలు పెట్టాం.

ఆ ఆర్డరు పోయింది. ఆ దుకాణం ఇప్పటికీ మాకు పని ఇవ్వలేదు. ఆ నెల వాయిదా పొదుపు నుంచి తీసి కట్టాం, పీటలు, బిందెల స్టాండ్లు చేసి తిరిగి నింపుకున్నాం. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి స్టాండుతో ఒక కాగితం ఇస్తాం. ఏ కర్ర, ఏ ప్లైవుడ్, కాళ్లు ఎన్ని, ఎంత పెద్ద తొట్టి పెట్టొచ్చు అన్నీ రాసి సంతకం పెడతాం. ఇప్పుడు మాకు వచ్చే ఆర్డర్లలో ఎక్కువ ఆ కాగితం ఇంకొకరింట్లో చూసి అడిగినవాళ్లవే.

పంపే ముందు పరీక్ష చేస్తాం. తొట్టి పెట్టే చోట తొమ్మిది సిమెంటు బస్తాలు పేర్చి ఒక రోజు ఉంచుతాం. తలుపుల సందు కదిలిందా, బద్ద వంగిందా, పక్కకు తోస్తే ఊగుతోందా చూస్తాం. "ఆడవాళ్లు చేసింది ఆగుతుందా" అన్నవాళ్లను ఆ రోజు రమ్మని పిలుస్తాం. మాటలకన్నా బస్తాలు బాగా జవాబు చెబుతాయి.

ఇంట్లో దించేటప్పుడు కూడా పని ఉంది. రసమట్టం పొడవుకు, వెడల్పుకు, మూల నుంచి మూలకు పెట్టి చూడాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే కింది చట్రం కింద సర్దాలి కానీ గాజు కింద కాదు. పలక మీద దుమ్ము, ఇసుక తుడిచి ఫోమ్ షీటు పరచాలి. గాజు కింద ఒక్క ఇసుకరేణువు ఉన్నా బరువంతా అక్కడే పడి పగలొచ్చు. నీళ్లు ఒక్కసారే నింపకూడదు. పావువంతు పోసి మట్టం చూసి, సగం పోసి మళ్లీ చూసి, తరవాత నింపాలి. కరెంటు బోర్డు తొట్టి కిందే ఉండకూడదు, పక్కన కాస్త ఎత్తులో ఉండాలి. వైరు బోర్డుకు చేరే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. అప్పుడు వైరు వెంట వచ్చిన నీటిచుక్క వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఇది ఖర్చులేని పని, కానీ ప్రాణం కాపాడే పని.

ఇప్పుడు ధర ఎలా కడతామో చెబుతాం, ఇది ఏ యూనిట్‌కైనా పనికొస్తుంది. మేం చెప్పిన కొలతలకు కాళ్లకు, చట్రాలకు కలిపి 1.8 ఘనపుటడుగుల కర్ర పడుతుంది. కోత తరుగు కలిపి రెండుంపావు కొంటాం. దానికి ప్లైవుడ్, జిగురు, స్క్రూలు, బందులు, రంగు, కరెంటు, ఆటో కలపాలి. అప్పు వడ్డీ కలపాలి. రంపం బ్లేడు అరుగుతుంది, దానికి కొంత పక్కన పెట్టాలి. ఇవన్నీ రాసి చాలామందిమి ఒకటి మరిచిపోతాం: మన కూలి. ఒక స్టాండుకు ఇద్దరం మూడు రోజులు పని చేస్తాం, అంటే ఆరు కూలిరోజులు. బయట వడ్రంగికి ఎంత ఇస్తారో అంత మాకూ రాసుకుంటాం. ఆ ఆరు రోజులూ వదిలేస్తే స్టాండు చవకగా కనిపిస్తుంది. ఆ చవక ఎవరి ఒంట్లోంచి వచ్చిందో మనకు తెలుసు.

జాగ్రత్త మాట ఒకటి. కోత మిషన్ దగ్గర కొంగు, చున్నీ బిగించి కట్టాలి, గాజులు తీసెయ్యాలి, జడ ముడి వేసుకోవాలి. ముక్కుకు మాస్కు, కంటికి అద్దాలు పెట్టుకోవాలి. పిల్లలను షెడ్డులోకి రానివ్వం.

చెక్కపని ఆడవాళ్లది కాదనే మాటకు ఉదయగిరి చెక్క గరిటెలే జవాబు. నెల్లూరు జిల్లాలో ఆ గరిటెలు, చెంచాలు చెక్కే చేతుల్లో ఆడవాళ్ల చేతులు ఎన్నో ఉన్నాయి. రంగుచేపల పెంపకం మీద ఆసక్తి ఉన్న అక్కలకు ఇంకో మాట. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల యూనిట్లు కూడా ఉన్నాయి, ఆడవాళ్లకు యూనిట్ ఖర్చులో 60 శాతం దాకా సాయం పెట్టారు. ఇప్పుడు ఏమేరకు అందుతోందో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. మీరు చేపలు పెంచండి, స్టాండ్లు మేం చేస్తాం.

సమాఖ్యకు మా విన్నపాలు మూడు. ఒకటి, టేకు కర్ర, ప్లైవుడ్ అన్ని యూనిట్లకూ కలిపి కొంటే ధర తగ్గుతుంది, ఆ ఏర్పాటు చేయాలి. రెండు, మిషన్ మీద పనిచేసే సభ్యులందరికీ ప్రమాద బీమా ఉందో లేదో చూసి, లేనివాళ్లకు చేయించాలి. మూడు, సంఘాల సరుకు అమ్మే చోట మేం ఇచ్చేలాంటి కాగితం ప్రతి వస్తువుకూ ఉండాలి. పచ్చడి సీసా అయినా, చీర అయినా, స్టాండు అయినా లోపల ఏముందో రాసి సంతకం పెట్టాలి.

నేర్చుకోవాలనుకునే అక్కాచెల్లెళ్లు మా షెడ్డుకు ఎప్పుడైనా రావచ్చు. మొదటి వారం చిత్రిక పట్టడమే నేర్పుతాం, చేతులు నొప్పెడతాయి, తరవాత అలవాటవుతాయి.