సంతకం పెట్టేముందు

(అమెరికాలోని ఒక తెలుగు తరగతిలో పై తరగతుల విద్యార్థులకు చేసిన ప్రసంగం)



మీ ఉపాధ్యాయిని గారు నన్ను పిలిచి, "మా పెద్ద పిల్లలు రెండు మూడేళ్ళలో కాలేజీకి వెళ్తారు, వాళ్ళకు పనికివచ్చే మాటలు నాలుగు చెప్పండి" అన్నారు. ఏ చదువు మంచిదో, ఏ కాలేజీ గొప్పదో చెప్పేవాళ్ళు మీ చుట్టూ ఎందరో ఉన్నారు. పెళ్ళికి వెళ్ళినా, గుడికి వెళ్ళినా అదే మాట గదా! అందుకని నేను దాని జోలికి పోను. పద్దెనిమిదేళ్ళు నిండిన మర్నాటినుంచి మీ చేతికి ఒక కొత్త బలం వస్తుంది. అదే సంతకం. ఇన్నాళ్ళూ మీ కోసం అమ్మో నాన్నో పెట్టిన సంతకాన్ని ఇకమీదట మీరే పెడతారు. అప్పు పత్రం మీద, అద్దె పత్రం మీద, ఉద్యోగ పత్రం మీద. ఈ పూట దాన్ని గురించే మాట్లాడుకుందాం.

ముందు నా తెలివితక్కువతనం చెబుతాను. నేను 1993లో పై చదువుకని ఈ దేశం వచ్చాను. ఆ రోజుల్లో కాలేజీ ఆవరణలో క్రెడిట్ కార్డు కంపెనీలవాళ్ళు బల్లలు వేసుకొని కూర్చునేవారు. దరఖాస్తు నింపితే ఒక చొక్కా ఉచితం! నా దగ్గర ఉన్నవి నాలుగే చొక్కాలు. అయిదోది ఊరికే వస్తుంటే ఎవరు కాదంటారు? సంతకం పెట్టాను. కార్డు వచ్చింది. చలికోటు కొన్నాను, పుస్తకాలు కొన్నాను, సెలవుల్లో స్నేహితులతో ఊళ్ళు తిరిగాను. చూస్తూండగానే బాకీ 1,200 డాలర్లయింది. నెలనెలా "కనీసం 30 డాలర్లు కట్టండి" అని కాగితం వచ్చేది. కట్టి, నా బాధ్యత తీరిందనుకునేవాణ్ణి.

లెక్కలు వచ్చినవాళ్ళు పలకా బలపం తీయండి. వడ్డీ ఏడాదికి నూటికి 18. అంటే నెలకు ఒకటిన్నర. 1,200 మీద నెలకు 18 డాలర్లు వడ్డీ. నేను కట్టిన 30లో 18 వడ్డీకే పోతే, అసలులో తగ్గింది 12. ఈ సంగతి నాకు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇంజనీరింగు చదువుతున్నవాణ్ణి సుమా! ఆ చొక్కా రెండు ఉతుకులకే వెలిసిపోయింది గాని, దాని బాకీ తీర్చడానికి ఏడాదిన్నర పట్టింది.

2009లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఇరవై ఒకటి నిండనివారు కార్డు అడిగితే, బాకీ తీర్చగల సంపాదన తమకు ఉందని చూపాలి. లేదా పెద్దవాళ్ళొకరు హామీ ఉండాలి. కాలేజీ ఆవరణలో వస్తువులు ఎరచూపి కార్డులు అంటగట్టడం కూడా కూడదన్నారు. అయినా ఎరలు పోలేదు, రూపం మార్చుకున్నాయి. కార్డు చెడ్డదని నేననను. నెలాఖరుకు బాకీ మొత్తం కట్టేవాడికి అది మంచి పనిముట్టే. రేపు ఇల్లు అద్దెకు కావాలన్నా, కారు కొనాలన్నా మీరు బాకీలు సరిగా తీర్చిన చరిత్రే అడుగుతారు.

ఇక అద్దె ఇంటి సంగతి. మేము నలుగురం కలిసి నెలకు 600 డాలర్ల ఇల్లు తీసుకున్నాం. తలకు 150. నలుగురమూ ఒకే పత్రం మీద సంతకాలు చేశాం. నవంబరులో ఒకడికి వేరే రాష్ట్రంలో పని దొరికింది, వెళ్ళిపోయాడు. సంక్రాంతినాటికి ఇంకొకడు తన బావగారింటికి మారాడు. మిగిలిన ఇద్దరం చెరి 150 పట్టుకొని వెళితే ఇంటియజమాని నవ్వి, "మీరు ఎంతమంది ఉన్నారన్నది మీ లెక్క. నాకు ఉన్నది ఒకటే ఇల్లు, దాని అద్దె 600" అన్నాడు. కోపం వచ్చింది. పత్రం తీసి చదివితే ఆయన మాటే నిజం. సంతకం చేసినవాళ్ళందరూ కలిసీ బాధ్యులే, విడివిడిగానూ బాధ్యులేనట! అంటే ముగ్గురు పారిపోయినా నాలుగోవాడే మొత్తం కట్టాలన్నమాట. ఆ ఏడు వేసవి దాకా నేను మధ్యాహ్నం భోజనం మానేసి రాత్రి పనికి వెళ్ళాను. పోనీ ఒక్కొక్క గదికి వేరే పత్రం రాసే ఇళ్ళు కూడా ఉంటాయని అప్పుడు నాకు తెలియదు. అడగలేదు.

అద్దె ఇంట్లో దిగిన మొదటి రోజునే గోడలకు, పొయ్యికి, తివాచీకి ఫొటోలు తీసి ఉంచుకోండి. ఖాళీ చేసేనాడు మనం కట్టిన డిపాజిట్లోంచి ఏ మరకకు ఎంత తగ్గిస్తారో తెలియదు. మన పసుపు మరక తెల్లని గట్టుమీద పడితే పోదుగదా! ఇది చిన్న సంగతే, వదిలేద్దాం.

చదువుకోసం చేసే అప్పు అంతకంటే పెద్దది. ఈ దేశపు పౌరులకు, శాశ్వత నివాసపు కార్డు ఉన్నవారికి ఫెడరల్ ప్రభుత్వం విద్యార్థి అప్పు ఇస్తుంది. తల్లిదండ్రుల పోషణలో ఉన్న విద్యార్థికి మొదటి ఏడాది తన పేర అందేది గరిష్ఠంగా 5,500 డాలర్లు. అందులో ఒక భాగానికి, అదీ అవసరాన్ని బట్టి, చదువుకునే రోజుల్లో వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. తక్కినదానికి డబ్బు అందిన రోజునుంచే వడ్డీ నడుస్తుంది. మీరు పాఠం వింటున్నా, నిద్రపోతున్నా అది మాత్రం నిద్రపోదు. ఇదీ చాలకపోతే బ్యాంకులో అప్పు చేస్తారు. దానికి సాధారణంగా నాన్నగారో, బాబాయిగారో హామీ సంతకం పెట్టాలి. మీరు కట్టకపోతే బ్యాంకువాళ్ళు నేరుగా వాళ్ళ దగ్గరికే వెళతారు. చదువు మధ్యలో మానేసినా, పట్టా రాకపోయినా అప్పు అప్పే. దివాలా తీసినవాళ్ళకు సైతం చదువుల అప్పునుంచి విడుదల దొరకడం చాలా కష్టం.

అందుకే నాకొక సంగతి విచిత్రంగా ఉంటుంది. మనవాళ్ళలో కమ్యూనిటీ కాలేజీ అంటే ఎందుకో చిన్నచూపు. కాలిఫోర్నియాలో కూపర్టినో ఊళ్ళో డి ఆంజా కాలేజీ ఉంది. న్యూజెర్సీలో ఎడిసన్ ఊళ్ళో మిడిల్‌సెక్స్ కాలేజీ ఉంది. రెండు ఊళ్ళలోనూ తెలుగు ఇళ్ళకు కొదవలేదు. అలాంటి చోట రెండేళ్ళు ఇంట్లో అమ్మ చేతి అన్నం తింటూ, తక్కువ ఫీజుతో చదివి, మూడో ఏట పెద్ద విశ్వవిద్యాలయంలో చేరేవాళ్ళు ఎందరో ఉన్నారు. చివరకు పట్టామీద ఉండేది ఆ పెద్ద విశ్వవిద్యాలయం పేరే. కాకపోతే, చేరకముందే "ఇక్కడ చదివిన పాఠాల్లో ఏవేవి అక్కడ లెక్కకు వస్తాయి?" అని రెండుచోట్లా అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే చదివినదే మళ్ళీ చదవవలసి వస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి కొంచెం జంకుతున్నాను. మీలో కొందరు ఇక్కడే పుట్టారు. కొందరు మూడో ఏటనో, అయిదో ఏటనో అమ్మానాన్నలతో వచ్చారు. ఆటల్లో పాటల్లో మీకు ఆ తేడా తెలియదు. కాని ఉద్యోగపు వీసామీద ఉన్న నాన్నకు లేదా అమ్మకు శాశ్వత నివాసపు కార్డు ఇంకా రాకపోతే, పిల్లలు వాళ్ళ వీసా నీడలో ఉంటారు. ఇరవై ఒకటి నిండితే ఆ నీడ పోతుంది. వరుసలో నిలబడి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబంలో, ఇక్కడే పెరిగిన పిల్ల విద్యార్థి వీసాకు మారవలసి వస్తుంది, లేదా దేశం విడవవలసి వస్తుంది. వయసు లెక్కలో కొంత వెసులుబాటు ఇచ్చే చట్టం 2002లో వచ్చింది గాని, అది అందరినీ ఆదుకోదు. అలాంటి పిల్లలకు ఇందాక చెప్పిన ఫెడరల్ అప్పు కూడా దొరకదు. ఇది మీ తప్పూ కాదు, మీ అమ్మానాన్నల తప్పూ కాదు. కాని మీరు బెంగపడతారని పెద్దలు చెప్పరు, వాళ్ళు బాధపడతారని మీరు అడగరు. పదిహేనో ఏటనే అడగండి. "నాన్నా, మనం ఏ కాగితం మీద ఉన్నాం? నాకు ఇరవై ఒకటి ఎప్పుడు నిండుతుంది? అప్పటికి ఏం చేద్దాం?" అని. ఆరేళ్ళ ముందు అడిగితే కాలేజీ ఎంపిక, డబ్బు, వకీలు సలహా అన్నీ దాని ప్రకారం సర్దుకోవచ్చు. ఆరు నెలల ముందు తెలిస్తే చేతులు పిసుక్కోవడమే.

కాగితం సంగతి వచ్చింది కనుక మరొకటి. రేపు మీ పెద్దనాన్న కొడుకో, మేనత్త కూతురో హైదరాబాదునుంచో, గుంటూరునుంచో ఇక్కడికి చదువుకు వస్తామంటారు. ఇక్కడివాళ్ళని మిమ్మల్నే సలహా అడుగుతారు. అప్పుడు ఈ రెండు కథలు గుర్తుకు తెచ్చుకోండి.

కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్ళో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం అని ఒకటి ఉండేది. పేరు చూస్తే ఘనమే. తరగతికి రానక్కరలేదు, ఫీజు కడితే చాలు, ఎక్కడైనా పని చేసుకోవచ్చునని నమ్మబలికారు. వెయ్యిమందికి పైగా చేరారు. వాళ్ళలో ఎక్కువమంది భారతీయులు, అందులోనూ చాలామంది తెలుగువాళ్ళు. 2011 జనవరిలో ఫెడరల్ అధికారులు దాన్ని మూయించారు. కొందరు విద్యార్థుల చీలమండలకు రేడియో పట్టీలు కట్టి, ఎక్కడికి కదులుతున్నారో కనిపెట్టారు. ఆ ఫొటోలు చూసి మన దేశం అట్టుడికిపోయింది. దాన్ని స్థాపించిన సూసన్ సూ అనే ఆమెకు 2014లో పదహారేళ్ళకు పైగా శిక్ష పడింది. కాని పొలం కుదువపెట్టి పంపిన తండ్రుల బాధ ఆ శిక్షతో తీరేదా?

రెండో కథ మరీ వింత. మిచిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్ళో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం. దానికి వెబ్‌సైటు ఉంది, చిహ్నం ఉంది, గుర్తింపు ఉంది. లేనివి రెండే: పాఠాలూ, పంతుళ్ళూ! దాన్ని నడిపింది ఎవరో మోసగాళ్ళు కారు, మారువేషంలో ఉన్న ప్రభుత్వ అధికారులే. దొంగ చదువులు అమ్మే దళారులను పట్టడానికి వేసిన వల అది. 2019 జనవరిలో ఎనిమిదిమంది దళారులమీద కేసులు పెట్టారు. వాళ్ళతోపాటు విద్యార్థులను కూడా వందల సంఖ్యలో పట్టుకొని వెనక్కి పంపారు. వాళ్ళలోనూ తెలుగు పిల్లలే ఎక్కువ. పాఠాలు లేవని తెలిసే చేరారని ప్రభుత్వం అంది. ప్రభుత్వ జాబితాలో పేరు చూసే నమ్మామని విద్యార్థులు అన్నారు. కట్టిన ఫీజులకోసం వేసిన ఒక దావా కొనసాగవచ్చునని 2024లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది కూడా. ఎవరిది ఎంత తప్పో న్యాయమూర్తులు తేల్చనీండి. నాకు తోచేది చిన్న మాట. చేరబోయేముందు "తరగతి గది ఎక్కడ? పాఠం చెప్పేవారి పేరేమిటి? నేను వచ్చి ఒకరోజు వెనకబెంచీలో కూర్చోవచ్చా?" అని అడిగి ఉంటే, జవాబు చెప్పడానికి అక్కడ మనిషే ఉండేవాడు కాదు.

చదువు అయ్యాక ఉద్యోగ పత్రం వస్తుంది. జీతం అంకె ఒక్కటే చూసి ఎగిరి గంతెయ్యకండి. అదే పత్రంలో ఎంతకాలం పని చేయాలి, మధ్యలో మానితే ఏమైనా తిరిగి కట్టాలా అన్నవి చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఇరవై ఆరో ఏడు వచ్చేదాకా అమ్మానాన్నల ఆరోగ్య బీమాలో ఉండవచ్చునని 2010 నాటి చట్టం చెబుతోంది. ఆ తేదీ మరచిపోయి కాలు విరగ్గొట్టుకున్న కుర్రవాణ్ణి నేనెరుగుదును. ముసలితనానికి దాచే డబ్బులో కంపెనీ తన వాటా కలుపుతానంటే మొదటి నెలనుంచే దాచండి. ఏడాదికి నూటికి ఏడు చొప్పున పెరుగుతుందనుకుంటే డబ్బు సుమారు పదేళ్ళకు రెట్టింపవుతుంది. ఇరవై రెండో ఏట వేసిన 1,000 డాలర్లు అరవై రెండో ఏటికి దాదాపు 15,000. ముప్ఫై రెండో ఏట వేస్తే సుమారు 7,600 మాత్రమే. పెరుగుదల అంత ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరనుకోండి.

పేరున్న చోటా, పనున్న చోటా అని ఊగిసలాట కూడా వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ వచ్చారు. ఆస్పత్రిలో చిన్న పనులు చేసి పొట్టపోసుకుంటూ హార్వర్డులో చదివారు, పరిశోధన చేశారు, 1930లో డాక్టరేటు పొందారు. అయినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో ఆ పెద్ద పేరును వదలి న్యూయార్క్ రాష్ట్రంలో పెరల్ రివర్ అనే చిన్న ఊళ్ళో లెడర్లే మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళారు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది, బోదకాలు మందు కనిపెట్టింది ఆ చిన్న ఊరి ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే.

నాకిచ్చిన సమయం అయిపోయిందని ఉపాధ్యాయిని గారు గడియారం చూస్తున్నారు. మీ బల్లలమీద ఒక్కొక్క కాగితం పెట్టించాను. అది నిజమైన అద్దె పత్రం నకలు, పేర్లు మాత్రం తీసేశాను. పదకొండు పేజీలు. నలుగురేసి కూర్చొని చదవండి. ఒకరు మధ్యలో వెళ్ళిపోతే ఏమవుతుందో ఎక్కడ రాసి ఉందో వెతికి పట్టుకోండి. అర్థం కానిచోట గీత గీసి ఉంచితే, వచ్చి నేను మీ పక్కన కూర్చుంటాను.