పొగ చట్టంలో కూలీ పేరేది?

(వర్లి తెలుగు కార్మికుల సభలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బొగ్గుపొగతో భూమి వేడెక్కుతున్నదన్న సంగతి మీద ఇప్పుడు పెద్ద తగువు లేదు. ఆ పొగను కట్టడి చేసే అధికారం ఎవరిది, ఎంతవరకు అన్నదాని మీదే కోర్టుల్లో తగువంతా. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం దావా వేస్తే, 2007లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. కార్బన్ డయాక్సైడు కూడా గాలి చట్టం కిందికే వస్తుందన్నది. అదే కోర్టు 2022లో, కరెంటు ఉత్పత్తిని బొగ్గు నుంచి మళ్ళించేంత పెద్ద నిర్ణయం అధికారులు చేయరాదు, చట్టసభ స్పష్టంగా చెప్పాలన్నది. చట్టం అదే, జడ్జీలు మారారు.

మన సుప్రీంకోర్టు 2024 మార్చి 21న బట్టమేక పిట్ట కేసులో, వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ రాజ్యాంగం 14, 21 అధికరణాల కింద మన హక్కేనన్నది. మంచిదే. రేకుల కింద మే నెల గడిపేవాడికి ఆ హక్కు అందరికన్నా ముందు కావాలి. కార్డింగ్ ఖాతాలో దూది పీల్చి దగ్గిన మనకు గాలి విలువ ఏ వకీలూ చెప్పనక్కరలేదు.

2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, కాగితం వంటి ఫ్యాక్టరీలకు టన్ను సరుకుకు ఇంత పొగ అని హద్దు పెట్టారు. హద్దు దాటితే క్రెడిట్లు కొనాలి, కొనకపోతే సగటు ధరకు రెట్టింపు కట్టాలి. బట్టల పరిశ్రమ కూడా ఆ పథకంలో ఉన్నదే. సేట్‌కు హద్దు ఉంది, దాటితే దారీ ఉంది. కూలీ సంగతి మాత్రం లేదు.

ఢిల్లీ గుర్తుందా? 1996 జూలై 8న సుప్రీంకోర్టు 168 ఫ్యాక్టరీలను నవంబరు 30కల్లా ఆపమన్నది. అందులో బట్టల మిల్లులూ ఉన్నాయి. కానీ మిల్లు వేరే చోటికి పోతే పని సాగాలి, ఏడాది జీతం బోనస్ ఇవ్వాలి అని కూడా రాసింది. మూసేస్తే ఇచ్చే పరిహారాన్ని డిసెంబరులో ఆరేళ్ళ జీతానికి పెంచింది. అది కూడా సాఫీగా చేతికందలేదు. బిర్లా మిల్లు హిమాచల్‌లోని బద్దీకి పోతే కార్మికుల తగువు మళ్ళీ సుప్రీంకోర్టుకే ఎక్కింది. అయినా కాగితం మీద ఉంది కాబట్టే వాళ్ళు అడగగలిగారు. మన గిర్ణీల భోంగా ఆపింది ఏ పొగ చట్టమూ కాదు, నేల ధర. మనకు ఆ పాటి రాత కూడా లేదు.

కనుక మనం పొగ చట్టాన్ని వద్దనటం లేదు. పొగ తగ్గించే పేరుతో మిషను మార్చినా, చోటు మార్చినా, తాళం వేసినా, కూలీ జీతం, పని, ఇల్లు ఆ ఉత్తర్వులోనే రాయాలంటున్నాం. పర్మనెంటుకే కాదు, బదిలీ వాళ్ళకూ, కాంట్రాక్టు వాళ్ళకూ. భివండిలో, సోలాపూర్‌లో, సిరిసిల్లలో సాంచాలు నడిపే మనవాళ్ళకు కూడా ఈ మాట అందాలి. వినతిపత్రం వెనక బల్ల మీద ఉంది. సంతకాలు చేసి పొండి.