అప్పులవాళ్ల జాబితాలో మాస్టారు

వ్యాపారం గురించి మాట్లాడమన్నారు. నేను ఐపీ పెట్టినవాణ్ణి, ఆ సంగతే చెబుతాను.

ఎరువుల కొట్టు మునిగాక అప్పులవాళ్ల ఫోన్లు ఎత్తడం మానేశాను. అదే తప్పు. పారిపోయాడనుకుని ఇంటిమీదికొచ్చారు. లాయరు గారు మందలించాక ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి, నోటు ఎంత, వడ్డీ ఎంత, ఇంతవరకు కట్టిందెంత అన్నీ రాసుకున్నాను. కొందరు తిట్టారు, పడ్డాను.

మా లెక్కల మాస్టారి దగ్గరా అప్పు తెచ్చాను. మిగిలిన సరుకు అమ్మి ముందు ఆయనది తీర్చేద్దామనుకున్నా. లాయరు గారు ఒప్పుకోలేదు. 1920 నాటి దివాలా చట్టం ప్రకారం, పిటిషన్‌కు ముందు 3 నెలల్లో ఒక్కరికే మేలు చేద్దామని చెల్లిస్తే అది చెల్లదు. రిసీవరు ఆ డబ్బు మాస్టారి దగ్గర వెనక్కి అడగవచ్చు. ముందు 2 ఏళ్లలో బావమరిదికి ఊరికే రాసిచ్చిన పొలాన్నీ రద్దు చేయించవచ్చు. (నాకు పొలం లేదు లెండి, అలా రాసెయ్యమని సలహా ఇచ్చినవాళ్లు మాత్రం ఉన్నారు.)

ఆ సాయంత్రమే మాస్టారింటికి వెళ్లి, "జాబితాలో మీ పేరూ రాస్తున్నానండీ, కోర్టు నోటీసు వస్తుంది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కూడిక సరిగ్గా వేశావట్రా?" అని అడిగారు.

ఇవాళ ముందు వరసలోనే ఉన్నారు. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆయన బాకీ నాకింకా ఉంది.