బియారిట్జ్ తీరాన తీరిక రోజులు

(పదవీ విరమణకు చేరువైన సిబ్బంది కోసం మన స్టాఫ్ కాలేజీలో నిర్వహించిన శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత చీఫ్ మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి పెన్షన్ కమ్యుటేషన్, గ్రాచ్యుటీ, మెడికల్ ఇన్సూరెన్స్ గురించి విన్నారు. అవన్నీ అవసరమే. భోజనం తర్వాతి గంట నాకిచ్చారంటే, మీకు కునుకు పట్టకుండా చూడమనే అర్థం. డబ్బు లెక్క నాకంటే బాగా చెప్పేవాళ్లు చెప్పేశారు. నేను సమయం లెక్క చెబుతాను. మొన్న ఏప్రిల్ నెలాఖరులో నేనూ నా శ్రీమతీ ఫ్రాన్స్‌లోని బియారిట్జ్‌లో తొమ్మిది రోజులు గడిపి వచ్చాం. ఆ తొమ్మిది రోజుల ఆధారంగానే మాట్లాడతాను.

మా అబ్బాయి తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి నుంచి కారులో మూడు గంటలు పడమరగా వెళితే, స్పెయిన్ సరిహద్దుకు దగ్గరగా, అట్లాంటిక్ ఒడ్డున బియారిట్జ్ వస్తుంది. అది బాస్క్ ప్రజల ప్రాంతం. తెల్లటి గోడలు, ఎర్రటి కలప పట్టీల ఇళ్లు. వాళ్ల భాషకు ప్రపంచంలో తెలిసిన మరే భాషతోనూ చుట్టరికం లేదంటారు. వసంతంలో అక్కడ ఎండ నెమ్మది, వాన మాత్రం చెప్పకుండా వస్తుంది. ఏప్రిల్ చివర్లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. సాయంత్రం అనేది అంత పొడుగ్గా ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. బ్రాంచిలో ఉన్నన్నాళ్లూ నాకు సాయంత్రం అంటే డే ఎండ్ మాత్రమే.

ఒకప్పుడు అది తిమింగలాలు వేటాడే పల్లె. మూడో నెపోలియన్ చక్రవర్తి తన భార్య యూజినీ కోసం 1854లో అక్కడ భవనం కట్టించడం మొదలుపెట్టాక రాజులూ ప్రభువులూ రావడం మొదలైంది. ఆ భవనం ఉన్న చోటే ఇవాళ హోటల్ దు పాలే ఉంది. బ్రిటిష్ వాళ్లు చలికాలం గడపడానికి వస్తూ తమతోపాటు గోల్ఫ్‌నూ తెచ్చారు. 1888లో లైట్‌హౌస్ పక్కన గోల్ఫ్ మైదానం వెలిసింది. దాని పేరే ‘ల ఫార్’, అంటే దీపస్తంభం. 1834 నాటి ఆ లైట్‌హౌస్‌కు 248 మెట్లు. నా శ్రీమతి మోకాళ్ల మాట విని ఇద్దరం కిందనే ఆగి సముద్రం చూశాం.

ఆ మైదానంలో ఆటగాళ్ల సంచులు మోసిన ఒక కుర్రవాడి కథ చెప్పాలి. పేరు ఆర్నో మాసీ. గొర్రెల పెంపకందారు కొడుకు. సంచులు మోస్తూనే ఆట నేర్చుకున్నాడు. 1907లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్‌లో జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. బ్రిటన్ బయటి వ్యక్తి దాన్ని గెలవడం అదే మొదటిసారి. మరో ఫ్రెంచివాడు ఇప్పటికీ గెలవలేదు. సబ్‌స్టాఫ్‌గా చేరి ఆఫీసరైన వాళ్లు ఈ గదిలోనూ ఉన్నారు. ఆ కథ వాళ్లకు నాకంటే బాగా అర్థమవుతుంది.

ఇక మా గోల్ఫ్ సంగతి. పెద్ద మైదానంలో ఆడే స్థాయి మాకు లేదు. దక్షిణాన పక్కనే బిదార్ ఊళ్లో, సముద్రం పైన కొండ అంచున, ఇల్‌బారిట్జ్ అనే శిక్షణ కేంద్రం ఉంది. తొమ్మిది హోల్స్ మైదానం. కొత్తవాళ్లకు గంట చొప్పున నేర్పుతారు. నేను బలంగా కొట్టిన బంతి పది గజాలు దొర్లింది. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మా ఆవిడ నిదానంగా ఊపిన కర్రకు బంతి గాల్లోకి లేచింది. “ఏమండీ, ఇందులో తొందరపడితే లాభం లేదుట” అంది. ఆ మాట శిక్షకుడు చెప్పిందే. కానీ ఆమె నోట విన్నాక నాకు వేరేగా తోచింది. నా పద్నాలుగు ట్రాన్స్‌ఫర్లలో ప్రతిసారీ సామాను సర్దింది ఆవిడే, తొందర పడింది నేను.

ఈ ఆటలో మన బ్యాంకు వాళ్లకు నచ్చే విషయం ఒకటుంది. మామూలు ఆటలో ప్రతి దెబ్బకూ పక్కన అంపైర్ ఉండడు. పోటీల్లో నా స్కోరు తోటి ఆటగాడు రాస్తాడు. చివర్లో నేను సరిచూసుకుని ఇద్దరం సంతకాలు చేయాలి. అచ్చంగా మేకర్-చెకర్! అనుభవం తక్కువైన వాడికి హ్యాండిక్యాప్ పేరుతో కొన్ని దెబ్బల మినహాయింపు ఇస్తారు. అందుకే అరవై ఏళ్లవాడు పాతికేళ్లవాడితో సమంగా పోటీ పడగలడు.

సెలవు గురించి రెండు మాటలు. 1908 ఏప్రిల్‌లో బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ బియారిట్జ్‌లో విశ్రాంతి తీసుకుంటున్నారు. కొత్త ప్రధాని ఆస్క్విత్ పదవి స్వీకరించడానికి రైలెక్కి అక్కడికే రావలసివచ్చింది. రాజు మాత్రం సెలవు వదలలేదు. అది రాజుల కాలం. 1936లో ఫ్రాన్స్ చట్టం చేసి కార్మికులందరికీ ఏటా రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 1982 నుంచి అది ఐదు వారాలు. ఇవాళ ఆ తీరంలో నడిచేది ఎక్కువగా ఆ జీతగాళ్లూ, వాళ్ల పిల్లలే.

మన దగ్గర కీలక స్థానాల్లో ఉన్నవారు ఏటా కనీసం పది పనిదినాలు ఒకేసారి, ముందస్తు సమాచారం లేకుండా, సెలవులో ఉండాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అది మోసాలు బయటపడటానికి పెట్టింది. నాకు దానివల్ల మరొకటి బోధపడింది: నేను లేకపోయినా షట్టర్ తెరుచుకుంటుంది. పదవీ విరమణ అంటే ఆ పది రోజులు ఇక ముగియకపోవడమే. ఆ రోజులకు శాంక్షన్ ఇచ్చే అధికారి ఎవరూ ఉండరు. మనమే ఇచ్చుకోవాలి, ఇంట్లోవాళ్లను అడిగి ఇచ్చుకోవాలి.

ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. ఒక ఎఫ్‌డీ మెచ్యూరిటీని దీనికోసమే పక్కన పెట్టాం. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మన వయసులో దాన్ని మొక్కుబడిగా తీసుకోకండి. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదవండి. సగం డబ్బు ఫారెక్స్ కార్డులో వేసుకోండి. ఫ్రాన్స్ కుదరకపోతే విశాఖలోనూ సముద్రం పక్కన గోల్ఫ్ మైదానం ఉంది, మన హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన ఉంది. గోల్ఫే కానక్కరలేదు, ఇద్దరూ కలిసి నడిచేదైతే చాలు.

వచ్చేటప్పుడు ఎస్పలెట్ అనే ఊరి మిరపపొడి తెచ్చుకున్నాం. మన గుంటూరు మిరపలాగే దానికీ తన ఊరి పేరుమీద ప్రత్యేక గుర్తింపు ఉంది. కారం మాత్రం చాలా తక్కువ. మా ఆవిడ దాన్ని పెరుగన్నంలో చల్లుతోంది.

ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెన్షన్ ఎంత వస్తుందో చెప్పండి. తర్వాత “నీకు ఎక్కడికి వెళ్లాలనుంది?” అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. లైన్ పెట్టేయకుండా ఆగండి.