ఓజోను – ఆహారశుద్ధి



పిడుగు పడినప్పుడు గాలిలో పుట్టు ఘాటైన వాసన మనమెరిగినదే. 1840లో బాసెల్ నగరమున షోన్‌బైన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 'వాసన వేయు' అను గ్రీకు ధాతువును బట్టి ఆ వాయువునకు ఓజోను అని పేరిడెను. ప్రాణవాయువు అణువున పరమాణువులు రెండు, దీనియందు మూడు. ఆ మూడవది నిలుకడ లేనిది. సూక్ష్మజీవి తగిలినచో దాని పైపొరను ఛిద్రము చేయును. పిదప మిగులునది ప్రాణవాయువే. 1906లో ఫ్రాన్సు దేశపు నీస్ నగరమున త్రాగునీటి శుద్ధికి వాడిరి. 2001లో అమెరికా ప్రభుత్వము ఆహారపదార్థములకు నేరుగా తగిలించుటకు సమ్మతించెను.

లెక్కలు వ్రాయువానికి మాత్రము ఇది చిక్కు సరకు. నిల్వ చూపుటకు వీలులేదు. నీటిలో ఇంచుమించు 20 నిమిషములకే సగము విరిగిపోవును. కావున విద్యుత్తుతో అక్కడికక్కడే పుట్టించి, అప్పుడే ఖర్చు వ్రాయవలెను.

ఆకుకూరకు మట్టి అంటియున్నచో ఓజోను ఆ మట్టిమీదనే వ్యయమగును. సూక్ష్మజీవి సుఖముగా నుండును. ముందుగా మామూలు నీట కడుగుట తప్పదు.

మరి సూక్ష్మజీవి పొరను ఛేదించునది కూలివారి ఊపిరితిత్తులను మన్నించునా? ఎనిమిది గంటల పనిలో పీల్చు గాలియందు సగటున పది లక్షల పాళ్లకు 0.1 పాలు మించరాదని అమెరికాలో నియమము. ముక్కు ఆ వాసనకు త్వరలోనే అలవాటుపడును. కావున మన పిల్లలు అట్టి శుద్ధిశాలకు పనికి పోవునెడల, గాలిని కొలుచు యంత్రమెక్కడనున్నదని మొదటిదినముననే అడుగవలెను.