చూపును దిద్దే సంస్కారం



కొన్నేళ్ల క్రితం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో చోళుల కాలపు నటరాజ కాంస్యమూర్తిని దర్శించాను. పట్టువస్త్రం లేదు, పుష్పమాల లేదు, దీపం లేదు. నా మనస్సు చివుక్కుమన్నది. ప్రక్కనే ఒక యువకుడు ఆ మూర్తిని కాగితంపై చిత్రించుకొంటున్నాడు. "నాయనా! స్వామిని బొమ్మగా చూడరాదు" అని కటువుగానే అన్నాను.

అతడు కోపగించక, పీఠానికి ఉన్న రంధ్రాలను చూపి "ఇవి ఎందుకండీ?" అని అడిగాడు. ఊరేగింపులో స్వామిని మోసే కర్రలను దూర్చడానికని చెప్పాను. శ్రద్ధగా వ్రాసుకొన్నాడు. తరువాత నాకు తెలియనిది అతడు చెప్పాడు. మూర్తిని ముందు మైనంతో మలచి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట లోహాన్ని పోస్తారు. మూర్తి వెలువడాలంటే ఆ అచ్చును పగులగొట్టవలసిందే. కనుక ఆ అచ్చులో రెండవ మూర్తి రాదు.

చిన్ననాటి నుండి అలంకారంలోనే స్వామిని సేవించిన నాకు శిల్పి చేయి ఎన్నడూ కనబడలేదు. ఊరేగింపు ఎరుగని అతనికి ఆ రంధ్రాలు ఏమీ చెప్పలేదు. కళ్లు అందరివీ ఒకలాంటివే. చూపును మాత్రం పెరిగిన ఇల్లు, చదివిన చదువు దిద్దుతాయి.

ఆనాడు ఆ యువకునికి నా కటువుమాటకు క్షమాపణ చెప్పక వచ్చేశాను. ఆ వెలితి నేటికీ ఉన్నది. ఇకపై ఉత్సవమూర్తిని సేవించేటప్పుడు, ఆ అచ్చును పగులగొట్టిన అజ్ఞాత శిల్పికి కూడా మనస్సులో ఒక నమస్కారం సమర్పిద్దాం.

స్వస్తి.