రూపాయి రసీదు



స్నాతకోత్సవంలో మహానుభావుల జీవితాలు చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం మన కరీంనగర్ బల్దియా, అంటే నగరపాలక సంస్థ గురించి చెబుతాను. అందులోనూ ఒక్క రూపాయి గురించి.

కరీంనగర్ 2005లో నగరపాలక సంస్థ అయింది. 2014లో సర్దార్ రవీందర్ సింగ్ మేయర్ అయ్యారు. ఆయన పదవి ఇంకొన్ని వారాల్లో ముగుస్తుందనగా, 2019 జూన్‌లో 'అంతిమ యాత్ర - ఆఖరి సఫర్' మొదలైంది. ఇంట్లో మనిషి పోతే బల్దియాకు రూపాయి కడితే చాలన్నది ఆ పథకం. బండి, కట్టెలు, కిరోసిన్ అన్నీ బల్దియావే. దహనమో ఖననమో, ఎవరి ఆచారం వారిది. బీదా గొప్పా తేడా లేదు. పొయ్యి వెలగని ఆ ఇంటివాళ్లకు 5 రూపాయల భోజనం కూడా పథకంలోనే పెట్టారు. ఇందుకు కోటిన్నర రూపాయలు పక్కన పెట్టారు.

కోటిన్నర ఖర్చుపెట్టేవాళ్లకు ఆ రూపాయి దేనికి? ఉచితమనే చెప్పొచ్చు కదా? నాకు తోచిన జవాబు చెబుతాను. ఊరికే ఇస్తే అది దానమవుతుంది, పుచ్చుకునే చెయ్యి కిందుంటుంది. రూపాయి కడితే రసీదు వస్తుంది. బండి ఎందుకు ఆలస్యమైందని రసీదు ఉన్న మనిషి నిలదీసి అడగగలడు. చావింట్లో అప్పు కోసం ఎవరి గడపా తొక్కకుండా తండ్రిని సాగనంపిన కొడుక్కి ఆ రూపాయి విలువ తెలుస్తుంది.

మేయర్ అంటే నగరానికి రాజని అనుకుంటాం. మన చట్టంలో అలా లేదు. కార్పొరేటర్లు ఆయన్ను ఎన్నుకుంటారు, కౌన్సిల్‌కు ఆయన అధ్యక్షుడు. ఫైలు నడిపేది మాత్రం ప్రభుత్వం వేసిన కమిషనర్. ఇక మేయర్ చేతిలో మిగిలేది ఒక్కటే: ఏ పని ముందో, ఏది తర్వాతో నలుగురినీ ఒప్పించడం. రోడ్డు వేస్తే శిలాఫలకం ఉంటుంది, శ్మశానానికి వెళ్లే బండికి ఉండదు. అయినా దాన్ని ముందు పెట్టడంలోనే మనిషి తెలుస్తాడు.

ఆ రూపాయి పథకంతోనే బల్దియా పని అయిపోలేదు. 2017లో మన ఊరు స్మార్ట్ సిటీల జాబితాకెక్కింది. 2020 నుంచి 2025 జనవరి వరకు వై. సునీల్ రావు మేయర్‌గా ఉన్నారు. పక్కనే 24 టీఎంసీల దిగువ మానేరు జలాశయం పెట్టుకుని, నల్లా ఎప్పుడొస్తుందా అని బిందెలు వరుసపెట్టిన ఊరు మనది. 24 గంటల నీళ్లు హౌసింగ్ బోర్డు కాలనీకి వచ్చేసరికి 2025 జనవరి అయింది. మానేరు ఒడ్డున చెత్త గుట్ట పొగ చుట్టుపక్కల ఇళ్లను ఏళ్లతరబడి ఉక్కిరిబిక్కిరి చేసింది. సాధించినవి చెప్పేటప్పుడు ఆ పొగనూ లెక్కలో రాయాలి.

పిల్లలూ, రేపు మీలో కొందరు బల్ల వెనక కూర్చుంటారు. తహసీల్ ఆఫీసులోనో, దవాఖానలోనో, బ్యాంకులోనో. ఉట్నూరు నుంచి ఒక ముసలమ్మ దరఖాస్తు పట్టుకుని వస్తుంది. ఆమె చేతిలో రసీదు ఉండదు, మాట పెగలదు. అయినా రూపాయి కట్టి వచ్చిన మనిషిని చూసినట్టే ఆమెను చూడండి. కుర్చీ చూపించి, 'కూర్చో అవ్వా' అనండి. పని ఎప్పటికవుతుందో తారీఖుతో సహా చెప్పండి.

ఆ తారీఖే ఆమెకు రసీదు.